గోదావరి వరివంగడముల చరిత్ర

గోదావరి మండలముల చరిత్ర వ్రాయబూనినవారు తరచుగా ఆనకట్టతో ఆరంభింతురు. అది న్యాయమే. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆ కట్టడమే లేకున్న, మా కొవ్వూరునకు దిగువను విజ్జేశ్వరముకడ కాలువలోనికి మరలు నీరు సముద్రము పాలయ్యెడిది. కాని నీటికివలెనే విత్తనమునకును చరిత్ర కలదు. మా పాఠశాల బాలురకు శాలి, వ్రీహి అను సంస్కృత నామములు కంఠస్థములు. ఊరిచేలో వంగియున్న వరి పేరేమని అడిగిన పలువురు బిక్కమొగము వేయుదురు.

ఆ చరిత్రలో పెద్దభాగము ఈ పశ్చిమ డెల్టాలోనే జరిగినది. 1925లో మార్టేరున వరి పరిశోధన క్షేత్రము వెలసెను. వరిపువ్వు తనలో తానే ఫలించునది. దానిని వేరొక వంగడముతో కలుపుట సులభము కాదు. పువ్వు విచ్చకముందే సన్నని శ్రావణముతో ఆరు కేసరములను తీసివైచి, రెండవ మొక్క పుప్పొడిని చల్లి, అన్యమైన పుప్పొడి సోకకుండ సంచి తొడుగవలెను. దక్కు గింజలు కొన్నియే. వాని సంతతిని తరము తరమున నాటి, ఏరి, పనికిరానివానిని పారవైచి, ఏండ్లకొలది కాచుకొన్నగాని వంగడమొకటి స్థిరపడదు. ఈ ఓర్పును మేము తపస్సనుటకు వెనుదీయము.

1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు ఫిలిప్పీన్సునుండి వచ్చిన ఐ.ఆర్.8 వరిని విస్తారముగ పండించి పేరుపొందిరి. పంట మెండు, అన్నము రుచి కొంచెము. ఆ లోటు తీర్చిన వానిలో ముఖ్యమైనది మార్టేరు స్వర్ణ. వసిష్ఠ, మాసూరి అను రెండు వరుల కలయికవలన పుట్టి, 1982లో విడుదలయై, పొట్టు బంగారువన్నెగల ఈ వంగడము ఒడిశా, వంగ దేశములను దాటి బంగ్లాదేశపు చేలకును ప్రాకినది.

స్వర్ణకు వరదయే శత్రువు. సామాన్యముగా మునిగిన వరి, గాలికై పైకి సాగి సాగి, తనలోని పిండిపదార్థమంతయు వ్యయపరచి, నీరు తీయునప్పటికి చచ్చును. ఒడిశా రైతుల పాత రకము నుండి ఏరిన ఎఫ్.ఆర్.13ఎ అను వరి అట్లు సాగదు. కదలక మెదలక బలము దాచుకొని, నీరు తీసిన పిదప చిగిర్చును. ఆ గుణమునకు మూలమైన జన్యువును 2006లో శాస్త్రజ్ఞులు గుర్తించి ప్రకటించిరి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి సంస్థలో దానిని పలుమారు సంకరములచేత స్వర్ణలోనికి తెచ్చిరి. 2009లో మన దేశమున విడుదలయైన ఈ స్వర్ణ-సబ్1 సుమారు రెండువారములు మునిగినను బ్రదుకును. చదువురాని కృషీవలులు తరతరములు కాపాడిన విత్తనమే లేకున్న, ప్రయోగశాలలో వెదకుటకు ఏమి ఉండెడిది?

మార్టేరుదే మరియొక వంగడమునకు కాటన్‌దొర సన్నాలని పేరు, 2000లో విడుదల. నీరు తెచ్చినవాని పేరు విత్తనమునకు పెట్టుట మాకు ముచ్చటగా తోచినది. ఢిల్లీ శాస్త్రజ్ఞులు దీని సొంత జన్యువునే ఒకచోట సవరించి, ఉప్పునేలను కరవును తాళుటకై రూపొందించితిమని 2025 మే నెలలో ప్రకటించిరి. కాలువ చివరి భూములవారికి ఇది ఆశ కలిగించు మాట. వారి చేలలో ఎట్లు పండునో చూడవలసియున్నది.

ఇంతవరకును చెప్పినది బస్తాల చరిత్ర. గింజలోని సత్తువ చరిత్ర వేరు, అది అంత సంతోషకరము కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారులు బెరిబెరి వ్యాధికి పేరుపడిన సీమ. కూనూరు పోషణ పరిశోధనాలయమువారు 1930, 1940 దశకములలో దీనిని శోధించిరి. దక్షిణమున ఉప్పుడుబియ్యము తినువారికి ఆ జాడ్యము తక్కువ. ఉడికించునప్పుడు తవుటిలోని విటమిను కొంత గింజలోనికి దిగును. మనవారు పచ్చిబియ్యమును మరలో తెల్లగా పట్టించి, ఆ విటమినును తవుటితో పోగొట్టుకొనిరి. తల్లుల పాలలో అది చాలక పసికందులు మరణించిరి. దంపుడుబియ్యము మోటుదను మన అభిమానము ఎంత ఖరీదైనదో చూడుడు! నేడును పెండ్లివిందున అన్నము మల్లెపూవువలె ఉండకున్న వియ్యాలవారు మొగము చిట్లింతురు.

మన తెలుపు మోజు మానదని కాబోలు, విత్తన శాస్త్రజ్ఞులు వేరుదారి త్రొక్కిరి. హైదరాబాదు రాజేంద్రనగర వరి సంస్థవారి డి.ఆర్.ఆర్. ధాన్ 45, మరపట్టిన పిమ్మటను కిలోకు సుమారు 22 మిల్లీగ్రాముల జింకు నిలుపుకొనును. 2016లో అది ప్రకటింపబడినది. జింకు చాలని బిడ్డల పెరుగుదల కుంటుపడును. వారికి ఇట్టి బియ్యము మేలు. అయితే మిల్లుకడ ధాన్యము కొనువాడు తేమ చూచును, నూక చూచును, తెలుపు చూచును, జింకును చూడడు. జింకునకు వేరు వెల కట్టనంతకాలము రైతు దానిని ఏల వేయవలెను? ఆ వెల అడుగవలసినవారు బియ్యము కొను ఇల్లాండ్రు, బిడ్డలకు మధ్యాహ్నభోజనము పెట్టు ప్రభుత్వమును.