సుంకం మాట చేసిన ప్రయాణం



సరిహద్దు జిల్లాలవాళ్లం మనం. సుంకమంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో సుంకం, కన్నడంలో సుంక, తమిళంలో సుంగం, ఈ మూడూ సంస్కృత శుల్కం నుంచి వచ్చినవే. సరుకుతోపాటు మాట కూడా పొలిమేర దాటుతుంది. ఐరోపాలో అలా దాటిన ఒక మాట గురించి ఈ రోజు చెప్పుకుందాం.

క్రీ.శ. 4వ శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషప్పు బైబిలును గోతిక్ భాషలోకి అనువదించాడు. సువార్తల్లో సుంకరులు కూర్చునే చోటికి ఆయన వాడిన మాట 'మోతా'. సుంకరి 'మోతారీస్'. గోతిక్ నుంచే ఈ మాట దక్షిణ జర్మన్ ప్రాంతాలకు చేరిందని పలువురు పండితుల అభిప్రాయం. అక్కడ అది 'మూటా' అయి, తరవాత 'మౌట్' అయింది. డాన్యూబు ఒడ్డున పడవల దగ్గర సుంకం తీసుకున్న రేవుల పేర్లలో అది నిలిచిపోయింది. ఆస్ట్రియాలోని మౌటర్న్, మౌట్‌హౌసెన్ అలాంటివే. నాజీలు 1938లో నిర్బంధ శిబిరం పెట్టడంతో రెండో ఊరి పేరు లోకానికి వేరే విధంగా తెలిసింది.

మిగతా జర్మన్లు 'త్సోల్' అన్నారు, ఇంగ్లీషువారు 'టోల్' అన్నారు. ఈ రెండూ గ్రీకు 'తెలోనియోన్' నుంచి లాటిన్ మీదుగా వచ్చినవి. మన టోల్‌గేటుకు మూలం అదీ. కాని జర్మనీ 2005లో లారీలకు రహదారి సుంకం పెట్టినప్పుడు దానికి పాత 'మౌట్' పేరే వాడుకలోకి వచ్చింది.

ఇక స్లావు భాషల సంగతి చూడండి. చెక్కువారికి 'మీతో' అంటే నేటికీ సుంకమే. విసోకే మీతో అనే పట్టణమే ఉంది. రష్యనులో 'మితార్' అంటే సుంకరి. అందులోంచి పుట్టిన 'మితార్‌స్త్వో' అనే మాటకు అగచాట్లు అని అర్థం. సెర్బు, క్రొయేషియను, స్లొవీను భాషల్లో మాత్రం 'మితో' అంటే లంచం!

ఆశ్చర్యపోకండి. మన 'మామూలు' మాటేమిటి? వాడుకగా జరిగేది అనే అర్థమున్న ఆ మాట చేతులు తడపడానికి పేరయింది కదా. రసీదు లేకుండా తీసుకున్నది ఎంత సుంకమో ఎంత లంచమో దారిన పోయేవాడికి తెలియదు. అతడు రెంటినీ ఒకే పేరుతో పిలుస్తాడు.

అందుకే కాకతి గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఓడ వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ మాటను రాతి మీద చెక్కించాడు, ఎవరైనా చదువుకోవచ్చు. మీ ఊరి సంతలో, రేవులో, పాత నాకా దగ్గర ఇలాంటి మాటలు ఏమేమి మిగిలాయో పెద్దలనడిగి, పిల్లల చేత రాయించండి.