ఎర్రముక్కు రుడాల్ఫ్: అరువది ఏండ్ల బొమ్మల చిత్రము

రోమను అంకెలు నేర్చుకొన్న విద్యార్థులకు ఒక చిన్న లెక్క. ఒక చిత్రపు ఆరంభములో, హక్కుల ప్రకటనలో, ఎం, సి, ఎల్, ఎక్స్, ఐ, వి అను ఆరు అక్షరములు వరుసగా కనిపిస్తవి. ఎం అనగా 1000. సి అనగా 100. ఎల్, ఎక్స్ కలిసి 60. ఐ, వి కలిసి 4. మొత్తము 1164. అనగా ఆ చిత్రము క్రీస్తుశకము 1164లో తయారైనదన్నమాట! ఆనాటికి లోకములో కెమెరా లేదు, విద్యుద్దీపము లేదు. నిజమునకు అది 1964లో తయారైనది. సి తరువాత మరియొక ఎం ఉండవలెను. అప్పుడు ఆ రెండును కలిసి 900 అగును. అక్షరములు కూర్చినవారు ఆ ఒక్క ఎం విడిచిపెట్టినారు.

నుదుటిమీద ఇట్టి పొరపాటుతో పుట్టిన ఆ చిత్రము పేరు ‘రుడాల్ఫ్ ది రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్’. అమెరికాలో 1964 డిసెంబరు 6న ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థ దీనిని తొలిసారి ప్రసారము చేసినది. నాటినుండి నేటివరకు క్రిస్మసు రోజులలో ఒక్క ఏడు కూడ తప్పక ఇది ప్రసారమగుచునే ఉన్నది. టెలివిజన్ కొరకు తయారైన కార్యక్రమములలో చాల భాగము మరుసటి ఏటికే మరపున పడిపోవును. మరి ఈ చిన్న బొమ్మల చిత్రము అరువది ఏండ్లు ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్నకు సమాధానము కొంత కథలోను, కొంత నిర్మాణ విధానములోను, కొంత ప్రేక్షకులలోను ఉన్నది.

దుకాణములో పుట్టిన కథ

రుడాల్ఫ్ ప్రాచీన జానపద గాథలోని పాత్ర కాదు. అతడు 1939లో చికాగో నగరములో పుట్టినాడు. అక్కడి మాంట్‌గోమరీ వార్డ్ అను పెద్ద వ్యాపార సంస్థ ఏటేటా క్రిస్మసుకు తన దుకాణములకు వచ్చు పిల్లలకు చిన్న పుస్తకములను ఉచితముగా పంచిపెట్టేది. ఇతరులవద్ద పుస్తకములు కొనుట కంటె సొంతముగా వ్రాయించుకొన్న ఖర్చు తగ్గునని ఆ ఏడు సంస్థవారు తలచినారు. ప్రకటనల శాఖలో పనిచేయుచున్న రాబర్ట్ మే అను ఉద్యోగికి ఆ పని అప్పగించినారు.

మే బక్కపలుచని మనిషి. బాల్యములో తోటిపిల్లలలో ఇమడలేక, వారి యెగతాళికి గురియైనవాడు. క్రిస్మసు తాత శాంటాక్లాజు బండిని ఆకాశములో లాగునట్టి రెయిన్‌డీర్లు, అనగా ధ్రువప్రాంతపు దుప్పులు, పాశ్చాత్య బాలబాలికలకు సుపరిచితములు. వానిలో ఒకదానికి మెరిసే ఎర్రముక్కు ఉన్నట్లును, అందుచేత మిగిలినవి దానిని వెలివేసినట్లును మే కథ కల్పించినాడు. పొగమంచు క్రమ్మిన ఒక రాత్రి ఆ ముక్కే దీపమై బండికి దారి చూపినదని కథకు ముగింపు.

ఎర్రముక్కు అనగానే జనులకు త్రాగుబోతులు గుర్తుకు వత్తురని పైఅధికారి మొదట సందేహించినాడు. అంతట మే తన చిత్రకార మిత్రుని లింకన్ పార్క్ జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోయి, అక్కడి దుప్పులను చూచి బొమ్మలు వేయించి, అధికారిని ఒప్పించినాడు. అదే సమయమున మే భార్య క్యాన్సరుతో బాధపడుచుండెను. 1939 జులైలో ఆమె మరణించినది. పని మరియొకరికి అప్పగింపవచ్చునని అధికారి చెప్పినను మే అంగీకరింపక, ఆ దుఃఖములోనే కథను పూర్తి చేసినాడు. ఆ ఏడు క్రిస్మసునకు 24 లక్షల ప్రతులు పంచిపెట్టినారు.

1947లో సంస్థ ఆ కథపై హక్కులను మేకు ఇచ్చివేసినది. ఆయన బావ జానీ మార్క్స్ పాటల రచయిత. ఆయన ఈ కథను పాటగా మలచగా 1949లో జీన్ ఆట్రీ అను గాయకుడు దానిని పాడి రికార్డు ఇచ్చినాడు. దానితో రుడాల్ఫ్ పేరు ఇంటింటా మారుమ్రోగినది.

మూడు దేశముల పని

ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్ అను ఇద్దరు నిర్మాతలు ఈ పాటను టెలివిజన్ చిత్రముగా తీయుటకు పూనుకొన్నారు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఖర్చు భరించినది. రోమియో ముల్లర్ కథను పెంచి వ్రాసినాడు. పాత్రల మాటలు చాలవరకు కెనడాలోని టొరాంటోలో రికార్డు చేసినారు. బొమ్మల పని మాత్రము జపానులోని టోక్యో నగరములో, తదహితో మోచినాగా శిల్పశాలలో జరిగినది.

ఈ మోచినాగా జీవితమే ఒక చరిత్ర. 1919లో జన్మించి, యుద్ధకాలములో మంచూరియా చేరి, యుద్ధానంతరము చైనాలోనే కొన్ని ఏండ్లు ఉండి, అక్కడివారికి బొమ్మల చిత్రములు తీయుట నేర్పినాడు. 1953లో స్వదేశమునకు తిరిగివచ్చినాడు. అమెరికా వ్యాపారములో పుట్టిన కథకు, కెనడా కంఠములకు, ప్రాణముపోసినది చైనా, జపానులలో పండిన ఆ చేతి నేర్పు.

బొమ్మ కదలుట ఎట్లు?

తోలుబొమ్మలాటలో బొమ్మ కదలుచున్నంతసేపు తెరవెనుక మనిషి చేయి దానిని ఆడించుచునే ఉండును. ఈ విధానములో అట్లు కాదు. కెమెరా తెరచిన క్షణమున బొమ్మ కదలదు, దానిని ఎవరును తాకరు. ఒక బొమ్మను నిలిపి ఒక ఫోటో తీయుదురు. దాని కాలిని వెంట్రుకవాసి జరిపి మరియొక ఫోటో తీయుదురు. ఇంకొంచెము జరిపి ఇంకొకటి తీయుదురు. దీనికే స్టాప్ మోషన్ అని పేరు.

చలన చిత్రపు రీలులో క్షణమునకు, అనగా ఒక సెకనుకు, 24 ఫ్రేములు నడచును. నిమిషమునకు 1,440. ఈ చిత్రము సుమారు 50 నిమిషములు నడచును. ఆ లెక్కన 72,000 ఫ్రేములు కావలెను. ఒకే భంగిమను రెండు ఫ్రేములకు వాడుకొన్నను 36,000 సార్లు బొమ్మలను సవరింపవలెను. ఒకే దృశ్యములో నాలుగు బొమ్మలున్న నాలుగింటిని సవరింపవలెను. నడుమ ఒక బొమ్మ ఒరిగినను, దీపపు వెలుగు మారినను ఆ దృశ్యము మరల మొదటినుండి తీయవలసినదే.

విడివిడి ఫోటోలు కదలికగా కనిపించుటకు కారణము కంటిలోని రెటీనాపై బొమ్మ కొంతసేపు నిలిచియుండుటయే అని పూర్వము పుస్తకములలో వ్రాసేవారు. అది పూర్తి కారణము కాదు. ఒకచోట కనిపించిన వస్తువు మరుక్షణమున కొంచెము ప్రక్కన కనిపించిన, నడుమనున్న ప్రయాణమును మన మెదడే ఊహించి పూరించును. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగములతో వివరించినాడు. కాబట్టి రుడాల్ఫ్ గంతులలో సగము టోక్యోలో జరిగినవి, సగము చూచువారి తలలలో జరుగుచున్నవి!

ఇంకొక విశేషము. పరుగెత్తు మనిషిని మామూలు కెమెరాతో తీసినప్పుడు ప్రతి ఫ్రేములోను కొంత మసక ఏర్పడును. స్టాప్ మోషన్‌లో ప్రతి ఫోటోయు నిశ్చలమైన వస్తువుదే గనుక ఆ మసక ఉండదు. అందుచేతనే కదలికలో చిన్న కుదుపు కనిపించును. సాంకేతికముగా అది లోపమే. కాని ఆ కుదుపే ఇవి నిజముగా కొయ్యతో, తీగతో, గుడ్డతో చేసిన బొమ్మలని చూపరులకు చెప్పుచున్నది. తన ఆటబొమ్మ లేచి నడచిన ఎట్లుండునో అట్లే ఉన్నదని పిల్లవాడు సంబరపడును.

చిత్రీకరణకు వాడిన రుడాల్ఫ్ బొమ్మ ఎత్తు సుమారు 6 అంగుళములు, శాంటా బొమ్మ ఎత్తు సుమారు 11 అంగుళములు మాత్రమే. చిత్రము ముగిసిన తరువాత ఆ రెండును నిర్మాణ సంస్థ ఉద్యోగిని ఒకరి ఇంట పండుగ అలంకారములుగా చాల ఏండ్లు ఉండిపోయినవి. 2020లో జరిగిన వేలములో అవి 3,68,000 డాలర్లకు అమ్ముడుపోయి, తరువాత అట్లాంటాలోని బొమ్మలాటల మ్యూజియమునకు కానుకగా చేరినవి.

వెలివేయబడిన బొమ్మలు

ఇక కథ సంగతి. ముల్లర్ వ్రాసిన కథలో రుడాల్ఫ్ తండ్రియే కొడుకు ముక్కునకు సిగ్గుపడి దానిని కప్పిపుచ్చును. తోటి దుప్పులు నవ్వును. ఆటలు నేర్పు గురువు ఇతనిని ఆడనీయవద్దని చెప్పును. శాంటా కూడ పెదవి విరుచును. రుడాల్ఫ్ ఇల్లు విడిచిపోయి, బొమ్మలు చేయుట మాని పండ్ల వైద్యుడు కావలెనని కలలుగను హెర్మీ అను మరుగుజ్జు పనివానితో స్నేహము చేయును. ఇద్దరును తిరిగి తిరిగి ఒక ద్వీపమునకు చేరుదురు. అది ఎవరికిని అక్కరలేని ఆటబొమ్మల ద్వీపము. చదరపు చక్రముల రైలు, ఒంటినిండ చుక్కల ఏనుగు, నీటికి బదులు జెల్లీ చిమ్ము తుపాకి, ఎగురలేక ఈదు పక్షి అక్కడ నివసించును. తమ సంగతి శాంటాకు చెప్పుమని అవి రుడాల్ఫును వేడుకొనును.

చివరకు పొగమంచు క్రమ్మును, ఎర్రముక్కు అక్కరకు వచ్చును, అందరును రుడాల్ఫును మెచ్చుకొందురు. ఇచ్చట ఆలోచనగల ఉపాధ్యాయునికి ఒక సందేహము కలుగవలెను. ఆ రాత్రి పొగమంచు పట్టకపోయిన? అప్పుడు రుడాల్ఫ్ గతి ఏమి? పనికివచ్చినవాడు గనుక ఆదరించినారు, లేకున్న వెలివేసియే ఉందురు గదా! ఈ విమర్శ అమెరికాలో పలువురు చేసినారు. అది న్యాయమైన విమర్శయే.

భౌతికశాస్త్రము ఈ విమర్శకు మరికొంత బలము చేకూర్చుచున్నది. పొగమంచులోని నీటి బిందువుల వ్యాసము సాధారణముగా 10 మైక్రాన్లు లేక అంతకు మించి ఉండును. ఎర్ర కాంతి తరంగ దైర్ఘ్యము సుమారు 0.65 మైక్రాను. బిందువులు తరంగముల కంటె ఇంత పెద్దవైనప్పుడు అవి అన్ని రంగుల కాంతిని దాదాపు సమముగానే చెదరగొట్టును. కావున దట్టమైన పొగమంచులో ఎరుపునకు ప్రత్యేకమైన బలమేమియు లేదు. రుడాల్ఫ్ విలువ అతని దీపము మీదనే ఆధారపడియున్నచో అది చాల బలహీనమైన ఆధారము!

కాని కథ అంతటితో ముగియలేదు. 1964 నాటి ప్రసారములో ద్వీపపు బొమ్మలకు ఇండ్లు చూపుదునని శాంటా మాట ఇచ్చినాడే గాని, ఆ మాట నిలుపుకొనుట తెరపై చూపలేదు. చూచినవారు ఊరకుండలేదు. ఆ బొమ్మల సంగతి ఏమైనదని నిర్మాతలను నిలదీసినారు. చదరపు చక్రముల రైలు ఏ బండికిని దారి చూపలేదు. చుక్కల ఏనుగు ఎవరికిని ఉపకారము చేయలేదు. వానికి ఏ పొగమంచును కలిసిరాలేదు. ఐనను వానిని మంచులో విడిచిపోరాదని ప్రేక్షకుల తీర్పు. నిర్మాతలు తలవంచి క్రొత్త దృశ్యము తీసినారు. 1965 ప్రసారమున శాంటా బండి రుడాల్ఫ్ వెలుగులో మొట్టమొదట ఆ ద్వీపమునకే వచ్చి బొమ్మలను ఎక్కించుకొనినది. ఈ దృశ్యమునకు చోటు చేయుటకై పాత చిత్రములో కొంత భాగము తొలగించినారు.

నా అభిప్రాయములో ఈ చిత్రపు దీర్ఘాయువునకు ముఖ్యకారణము ఇదియే. రచయిత పూర్తి చేయని న్యాయమును ప్రేక్షకులు పూర్తి చేయించుకొన్నారు. పనికివచ్చినవానికి చోటు ఇచ్చుట బేరము. పనికిరానివానికి కూడ చోటు ఇచ్చుట ఆదరము. మొదటి ఏటి చిత్రములో బేరము మాత్రమే తెరపై కనిపించినది. రెండవ ఏట ఆదరము కూడ చేరినది.

ఏడాదికి ఒక్కసారి

మరియొక కారణము కూడ చెప్పవలెను. ఇండ్లలో వీడియో యంత్రములు లేని కాలములో ఈ చిత్రమును ఏడాదికి ఒక్కసారి మాత్రమే చూడ వీలుండెను. ఆ రాత్రి తప్పిన మరుసటి ఏటివరకు ఆగవలసినదే. అందుచేత అది కార్యక్రమముగా గాక పండుగలో ఒక భాగముగా స్థిరపడినది. నాడు చూచిన పిల్లలు తల్లిదండ్రులై తమ బిడ్డలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూచినారు. ఆ బిడ్డలును పెద్దవారైనారు. 1972 నుండి 2023 వరకు సీబీఎస్ సంస్థ దీనిని ప్రసారము చేసినది. 2024లో, 60వ ఏట, చిత్రము తిరిగి తన పుట్టినిల్లయిన ఎన్‌బీసీకి చేరినది. 2014లో, 50 ఏండ్లు నిండిన సందర్భమున, అమెరికా తపాలాశాఖ దీనిపై బిళ్ళలు విడుదల చేసినది.

నిజమైన రెయిన్‌డీర్ ముక్కు గురించి కూడ ఒక్క మాట. 2012లో నెదర్లాండ్స్, నార్వే పరిశోధకులు ఆ జంతువు ముక్కు లోపలి పొరను సూక్ష్మదర్శినితో పరీక్షించినారు. అందులోని సన్నని రక్తనాళముల సాంద్రత మనుష్యుల ముక్కులో కంటె సుమారు 25 శాతము ఎక్కువ. గడ్డకట్టించు చలిలో ముక్కును వెచ్చగా ఉంచుటకును, శరీరపు వేడిని అదుపు చేయుటకును ఆ ఎర్రని రక్తము ఉపకరించును. కథలో నవ్వులపాలైన ఆ ఎరుపు ప్రకృతిలో ఆ ప్రాణికి రక్షణయే.

మన తరగతులలో కూడ వెనుక బల్లలో ఒంటరిగా కూర్చుండు బాలుడో బాలికయో ఉండకపోదు. తోటివారు నవ్వుదురు. ఒక్కొక్కప్పుడు మనమును చూచీచూడనట్లు ఊరకుందుము. ఆ బిడ్డలో ఏదో మరుగుపడిన ప్రతిభ ఉన్నదనియు, ఏనాటికైనను బయటపడుననియు చెప్పి ఓదార్చుట మంచిదే. కాని ప్రతిభ బయటపడువరకు ఆ బిడ్డ బయటనే నిలువవలెనా? 1964లో బొమ్మల పక్షమున మాటాడిన ప్రేక్షకులు ఈ ప్రశ్నకు అప్పుడే జవాబు చెప్పినారు.