గ్లూకోసెరెబ్రోసిడేజ్: ఈ ఎంజైమ్ తగ్గితే పిల్లల పొట్ట ఎందుకు ఉబ్బుతుంది?

గ్లూకోసెరెబ్రోసిడేజ్ మన కణాల్లోని లైసోజోమ్‌లలో పనిచేసే ఎంజైమ్. గ్లూకోజు అతుక్కుని ఉండే గ్లూకోసెరెబ్రోసైడ్ అనే కొవ్వును ఇది గ్లూకోజుగా, సెరమైడ్‌గా విడగొడుతుంది. గ్లూకోజు మాట వచ్చింది కదా అని షుగర్ జబ్బు అనుకోకండి, అది వేరు.

ఈ కొవ్వు మనం తినే నెయ్యి, నూనెల నుంచి వచ్చేది కాదు. కాలం తీరిన రక్తకణాలను మాక్రోఫేజ్ కణాలు మింగినప్పుడు వాటి పొరల్లోంచి ఎక్కువగా బయటపడుతుంది. ఎంజైమ్ చాలకపోతే అది అక్కడే పేరుకుపోయి ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ దెబ్బతింటాయి. పొట్ట ఉబ్బడం, రక్తం తగ్గడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, చిన్న దెబ్బకే కమిలిపోవడం, ఎముకల నొప్పులు దీని లక్షణాలు. కొన్ని రకాల్లో మెదడుకూ దెబ్బే. పథ్యంతో తగ్గేది కాదు.

దీన్ని గోషే వ్యాధి అంటారు. 1882లో ఫ్రెంచి డాక్టర్ ఫిలిప్ గోషే ఒక మహిళ ప్లీహంలో ఉబ్బిన కణాలను చూసి క్యాన్సర్ అనుకున్నారు. అసలు లోపం ఎంజైమ్‌దని 1960లలో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం తేల్చింది.

లోపం జీబీఏ1 జన్యువులో ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్నవే వస్తేనే జబ్బు. బిడ్డకు ఇలా అయితే కోడలినే అనడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. అది పచ్చి అన్యాయం, ఇద్దరి నుంచీ రానిదే జబ్బు రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. చాచా, మామూ పిల్లల మధ్య నిఖా అయితే ఒకే లోపం ఇద్దరిలో ఉండే అవకాశం ఎక్కువ. నిఖా హరామ్ అని కాదు, కుటుంబంలో ఇలాంటి కేసుంటే ముందే జన్యు పరీక్ష చేయించుకోవడం మంచిది.

రక్తంలో ఎంజైమ్ పరీక్షతో జబ్బు బయటపడుతుంది. లోపించిన ఎంజైమ్‌ను రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. ప్లీహం, రక్తం బాగా కోలుకుంటాయి కానీ మెదడు దాకా ఈ మందు చేరదు. డోసు బరువును బట్టి ఇస్తారు, అంటే పిల్లాడు ఎదిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది, అదీ జీవితాంతం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో 50 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రం. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. ఒక బిడ్డకు తేలితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి.