చేజిక్కిన ఉత్తరం

పాలకులు చాటుగా రాసుకున్న మాటలు బయటపడటం, వాటి మీద లోకం రెండుగా చీలి వాదించుకోవటం కొత్త సంగతి కాదు. 2023 ఫిబ్రవరి నెలాఖరులో ఇంగ్లండులో అటువంటి ఉదంతమే ఒకటి జరిగింది. కరోనా వ్యాధి ప్రబలిన కాలంలో ఆ దేశానికి ఆరోగ్య మంత్రిగా వున్న మాట్ హ్యాంకాక్ తన సహచరులతో వాట్సాప్‌లో నడిపిన సంభాషణలు, లక్షకు పైబడిన సందేశాలు, డైలీ టెలిగ్రాఫ్ పత్రికకు చేరాయి. చేర్చినది ఇసబెల్ ఓక్‌షాట్ అనే పాత్రికేయురాలు. మంత్రి తన అనుభవాలను పుస్తకంగా వెలువరించటానికి ఆమె సాయం తీసుకున్నాడు. బయటపెట్టనని ఒప్పందం చేయించుకుని ఆ సందేశాలన్నీ ఆమె చేతికిచ్చాడు. పత్రికలో అచ్చయిన తరువాత ఆయన నమ్మకద్రోహమన్నాడు. ప్రజాహితం కోరి చేశానని ఆమె అన్నది.

ఈ తగవులో తీర్పు చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే సుమారు 250 సంవత్సరాల క్రితం, అదే లండన్ నగరంలో, దాదాపు ఇవే వాదాలతో మరొక తగవు నడిచింది. దాని మొదలూ తుదీ మనకు తెలుసు గనుక నిదానంగా పరిశీలించటానికి అదే అనువైనది.

అమెరికా ఇంకా ఆంగ్లేయుల వలసగా వున్న రోజులవి. మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన థామస్ హచిన్సన్ అక్కడే లెఫ్టినెంట్ గవర్నరై, 1771లో గవర్నరయ్యాడు. 1767 - 1769 మధ్య అతడూ, రాష్ట్ర కార్యదర్శి ఆండ్రూ ఆలివరూ లండన్‌లోని థామస్ వాట్లీ అనే పార్లమెంటు సభ్యుడికి కొన్ని ఉత్తరాలు రాశారు. వాట్లీ అప్పుడు ప్రభుత్వ పదవిలో లేడన్నది గుర్తుంచుకోవలసిన విషయం. మాతృదేశానికి అంత దూరాన వున్న వలస ప్రజలు అక్కడివారితో సమానంగా స్వేచ్ఛలన్నీ అనుభవించటం సాధ్యం కాదనీ, సంబంధం తెగిపోవటం కంటే స్వేచ్ఛకు కొంత కోత పడటమే మేలనీ హచిన్సన్ ఒక ఉత్తరంలో అభిప్రాయపడ్డాడు. ప్రభుత్వాధికారులు కొంతైనా ప్రజల మీద ఆధారపడకుండా వుండాలన్నది ఆలివర్ సూచన.

1772లో వాట్లీ చనిపోయాడు. ఆ సంవత్సరమే ఆ ఉత్తరాలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేతికి వచ్చాయి. ఆయన అప్పుడు లండన్‌లో మసాచుసెట్స్ శాసనసభకు ప్రతినిధి. అంతేకాదు, 1753 నుండి ఉత్తర అమెరికా తపాలా శాఖకు డిప్యూటీ పోస్ట్‌మాస్టర్ జనరల్ కూడా. పరుల ఉత్తరాలను భద్రంగా చేరవేయటం ఎవరి కొలువో ఆయన చేతికే పరుల ఉత్తరాలు దొంగచాటుగా చేరాయన్నమాట! 1772 డిసెంబరు 2న ఆయన వాటిని శాసనసభ స్పీకర్ థామస్ కుషింగ్‌కు పంపుతూ షరతులు పెట్టాడు: నకళ్లు తీయరాదు, అచ్చు వేయరాదు, నమ్మకస్తులైన కొద్దిమందికే చూపి తిరిగి పంపాలి. తన ఉద్దేశం సఖ్యతేనని ఆయన చెప్పుకున్నాడు. వలస ప్రజలకు పార్లమెంటు మీద వున్న ఆగ్రహం ఈ ఇద్దరు స్థానికుల మీదికి మళ్లితే రెండు దేశాల నడుమ పొరపొచ్చాలు తగ్గుతాయని ఆయన లెక్క.

లెక్క తప్పింది. పది మంది చూసినది రహస్యంగా నిలవదు కదా. 1773 జూన్‌లో ఉత్తరాలను శాసనసభలో చదివారు. ఆ నెలలోనే బోస్టన్‌లో అచ్చువేశారు. మా స్వేచ్ఛను హరించమని మా గవర్నరే కోరాడని జనం మండిపడ్డారు. అతడినీ ఆలివర్‌నూ తొలగించమని శాసనసభ రాజుకు విన్నవించుకున్నది. హచిన్సన్ జీవితాన్ని పరిశోధించి 1974లో గ్రంథం వెలువరించిన చరిత్రకారుడు బెర్నార్డ్ బెయిలిన్ ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాడు. ఆ ఉత్తరాలలో హచిన్సన్ రాసినది అంతకు ముందు అతడు బహిరంగంగా చెప్పని మాట కాదు. కాని బాహాటంగా చెప్పినప్పుడు అభిప్రాయంగా వినిపించిన మాట, చాటు ఉత్తరంలో కనబడేసరికి కుట్రగా తోచింది. దాగి దొరికినదంతా నేరమేనని మనసు ముందే నిశ్చయించుకుంటుంది.

లండన్‌లో మరొక అనర్థం జరిగింది. ఉత్తరాలు ఎవరు తస్కరించారన్న ప్రశ్న పుట్టింది. చనిపోయిన వాట్లీ సోదరుడు విలియం, జాన్ టెంపుల్ అనే మాజీ సుంకాధికారిని అనుమానించాడు. అన్నగారి కాగితాలను ఒకసారి టెంపుల్‌కు చూడనిచ్చినమాట నిజమే. మాటా మాటా పెరిగి 1773 డిసెంబరు 11న ఇద్దరూ హైడ్ పార్కులో ద్వంద్వయుద్ధానికి దిగారు, వాట్లీ గాయపడ్డాడు. అంతవరకూ ఫ్రాంక్లిన్ పెదవి విప్పలేదు. ఈ ఇద్దరూ మళ్లీ తలపడవచ్చునన్న మాట వ్యాపించిన తరువాత, ఉత్తరాలు బోస్టన్‌కు పంపినది తానేనని డిసెంబరు 25 తేదీతో పత్రికలలో ప్రకటించాడు. అందులో ఆయన వాదం గమనార్హం: అవి మిత్రుల నడుమ స్వంత ఉత్తరాలు కావు, ప్రభుత్వాధికారులు, ప్రభుత్వ వ్యవహారాల మీద, ప్రజాజీవితంలోని వ్యక్తికి రాసినవి. కనుక వాటిని ప్రజలకు చూపటం తప్పు కాదు.

1774 జనవరి 29న ప్రీవీ కౌన్సిల్ సమావేశమయింది. టీ పెట్టెలను బోస్టన్ జనం సముద్రంలో పారబోసిన వార్త అప్పుడే లండన్ చేరి వున్నది. శాసనసభ విన్నపాన్ని విచారించవలసిన ఆ సభలో సొలిసిటర్ జనరల్ అలెగ్జాండర్ వెడ్డర్‌బర్న్ దాదాపు గంటసేపు ఫ్రాంక్లిన్‌ను దుర్భాషలాడాడు. ఆయన నిలబడి మౌనంగా విన్నాడు. విన్నపం తోసివేయబడింది. తపాలా కొలువు పోయినట్లు రెండు రోజులకే కబురందింది. హచిన్సన్ అదే సంవత్సరం జూన్‌లో ఇంగ్లండు వెళ్లి, తిరిగి స్వదేశం చూడకుండానే 1780లో కన్ను మూశాడు. ఇంకొక ముచ్చట: ఫ్రాంక్లిన్ కుషింగ్‌కు రాసిన లేఖల నకళ్లను హచిన్సన్ కూడా సంపాదించి లండన్‌లోని మంత్రికి పంపాడు! ఎవరి ఉత్తరం వారికి పవిత్రమే.

ఫ్రాంక్లిన్ వాదంలో పసలేదని తోసివేయటం తగదు. ప్రజల ముందు ఒక మాట, ప్రభువుల ముందు ఒక మాట చెప్పే అధికారి విషయం ప్రజలు తెలుసుకోవలసిందే. కాని "తెలుసుకోవలసిన విషయం" అన్న ఒక్క మాటతో ఈ ప్రశ్న తీరదు. ఏ మేరకు, ఎవరికి, ఏ పద్ధతిలో అన్న ప్రశ్నలు మిగిలే వుంటాయి. వీటి గురించి మన పండితులు ఎప్పుడో ఆలోచించారు. ఆ ఆలోచన ఎక్కడ దాగి వున్నదో చెప్పటానికే ఈ పూర్వకథంతా.

హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయానికి ముందు జరిగిన సంఘటన పాఠకులకు సుపరిచితమే. దైవప్రవక్త (సల్లం) రహస్యంగా సన్నాహాలు చేస్తుండగా, హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఅ (రజి) ఆ సంగతి ఖురైషులకు తెలియజేస్తూ ఒక స్త్రీ ద్వారా ఉత్తరం పంపారు. ఆయన బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారు. అంతకు ముందు దైవప్రవక్త (సల్లం) లేఖను ఈజిప్టు పాలకుడు ముఖౌఖిస్ వద్దకు తీసుకువెళ్లినవారు. దైవప్రవక్త (సల్లం) హజ్రత్ అలీని, జుబైర్‌ను, మిఖ్దాద్‌ను (రజి) పంపగా, రౌదతు ఖాఖ్ అనే చోట ఆ స్త్రీ దొరికింది. మొదట లేదన్నది. గద్దించగా జడలో నుండి తీసి ఇచ్చింది.

ఈ హదీసును ఇమామ్ బుఖారీ (రహ్మ) జిహాద్ ప్రకరణంలో గూఢచారిని గురించిన శీర్షిక కింద పొందుపరిచారు. ఇందులో వింత లేదు. కాని కితాబుల్ ఇస్తీజాన్‌లో, అంటే ఒకరి ఇంటిలో ప్రవేశించేముందు అనుమతి కోరటాన్ని గురించిన ప్రకరణంలో కూడా దీన్ని చేర్చారు. ముస్లిములకు ఎవరి వలన ప్రమాదం శంకించబడుతున్నదో వారి ఉత్తరాన్ని, విషయం తేటపడేందుకు చూడటం గురించి అని అక్కడ శీర్షిక. ఈ అమరికలోనే ఒక తీర్పు వున్నది. ఉత్తరం ఇల్లు వంటిది. యజమాని అనుమతి లేనిదే అందులో అడుగు పెట్టరాదన్నది మూలసూత్రం. హాతిబ్ (రజి) ఉత్తరం దానికి మినహాయింపు. అనుమతి లేకుండా సోదరుని లేఖలోకి చూడటాన్ని నిప్పులోకి చూడటంతో పోల్చిన హదీసు ఒకటి అబూ దావూద్ సంకలనంలో వున్నది. దాని పరంపర బలహీనమని ఆయనే స్పష్టం చేశారు. ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మ) ఫత్‌హుల్ బారీలో ఈ రెండింటినీ సమన్వయిస్తూ, చూడటం వలన కలిగే చెరుపు కంటే పెద్ద చెరుపును నివారించటానికి అదే మార్గమైనప్పుడు ఆ నిషేధం వర్తించదని వివరించారు. కొలత ఎంత సూక్ష్మమో చూడండి. కుతూహలం చాలదు, ప్రయోజనం చాలదు. వేరు దారి లేకపోవాలి, నివారించే కీడు పెద్దదై వుండాలి.

ఉత్తరం దొరికిన తరువాత ఏం జరిగిందన్నది అంతకంటే ముఖ్యం. దైవప్రవక్త (సల్లం) ముందుగా రాసినవారినే పిలిచి ఇదేమిటని అడిగారు. తొందరపడవద్దని హాతిబ్ (రజి) వేడుకున్నారు. తాను ఖురైషు వంశీయుణ్ణి కాననీ, మక్కాలో వున్న తన కుటుంబానికి అండగా నిలిచే బంధువులు లేరనీ, ఈ మేలు చూసి వారు తనవాళ్లను కాపాడతారని ఆశించాననీ చెప్పారు. దైవప్రవక్త (సల్లం) ఆయన నిజం చెప్పారన్నారు. శిరచ్ఛేదానికి అనుమతి కోరిన హజ్రత్ ఉమర్ (రజి)ను వారించి, బద్ర్ వీరుల స్థానాన్ని గుర్తు చేశారు. తప్పును తప్పుగానే ఎంచుతూ సూరతుల్ ముమ్తహిన తొలి ఆయతులు అవతరించాయి. కాని ఒక్క ఉత్తరంతో ఒక మనిషి జీవితమంతా చెరిగిపోలేదు.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదంతం హిజ్రీ 35లో జరిగింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) హామీతో తిరిగి వెళుతున్న ఈజిప్టు బృందానికి దారిలో ఒక దూత పట్టుబడ్డాడు. తమను శిక్షించమని ఈజిప్టు గవర్నరుకు రాసిన ఉత్తరం అతని వద్ద దొరికింది. ఒంటె ఖలీఫాది, ముద్ర ఖలీఫాది. వారు మదీనాకు తిరిగివచ్చి నిలదీశారు. తాను రాయలేదనీ, రాయించలేదనీ, తనకు తెలియదనీ ఖలీఫా ప్రమాణం చేశారు. ఇద్దరు సాక్షులను తెండి, లేదా నా ప్రమాణం స్వీకరించండి అన్నారనీ, ముద్రను అనుకరించవచ్చునని గుర్తు చేశారనీ తబరీ నమోదు చేసిన కథనాలలో వున్నది. మర్వాన్‌ను అప్పగించమని వారు పట్టుబట్టారు, ఆయన అంగీకరించలేదు. ఉత్తరం ఎవరు రాశారన్న దానిపై చరిత్రకారులు ఈనాటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అది తేలకముందే ముట్టడి నడిచింది. దుల్‌హజ్ 18న ఖలీఫా రక్తం చిందింది.

ఈ రెండు ఉత్తరాల నడుమ బోస్టన్ ఉత్తరాలను వుంచి చూస్తే ఫ్రాంక్లిన్ ఎక్కడ పొరబడ్డాడో తెలుస్తుంది. హచిన్సన్ రాత ప్రజలకు కీడు చేసేదని ఆయన నిజంగా నమ్మి వుండవచ్చు. కాని రాసినవాడిని అడగటమన్న మెట్టును ఆయన దాటవేశాడు. ఉత్తరాలు ముందు సముద్రం దాటాయి, తరువాత అచ్చయ్యాయి. హచిన్సన్ వివరణ ఆ తరువాతి సంగతయింది. పైగా కొద్దిమందికి చూపండన్న షరతు మీద భారం వేశాడు. అంతకంటే నన్ను కలవరపరిచేది ఆ డిసెంబరు మాసం. నేరం తనదని తెలిసీ, నింద వేరొకరి మీద పడుతుండగా, కత్తులు దూసేవరకూ ఆయన మౌనం వహించాడు. ద్వంద్వయుద్ధం జరిగినప్పుడు తాను ఊరిలో లేనని చెప్పుకున్నాడు. కాని నింద అంతకు ఎన్నో రోజుల ముందు నుంచే పత్రికలలో నలుగుతున్నది.

చివరిగా హజ్రత్ ఉమర్ (రజి)ను గురించి ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాలో ఉల్లేఖించిన వృత్తాంతం. రాత్రి పహరాలో ఒక ఇంట పాట వినబడితే ఆయన గోడ దూకి లోపలికి వెళ్లారు. ఆ మనిషి పాపంలోనే దొరికాడు. కాని నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారని అతడు ఖలీఫాకు ఎదురు చెప్పాడు: దేవుడు కూపీ తీయవద్దన్నాడు, మీరు తీశారు; ద్వారం గుండా రమ్మన్నాడు, మీరు గోడ దూకారు; అనుమతీ సలామూ లేకుండా పరుల ఇంట ప్రవేశించవద్దన్నాడు, మీరు ప్రవేశించారు. హజ్రత్ ఉమర్ (రజి) వాదించలేదు. నిన్ను వదిలిపెడితే మంచిదారికి వస్తావా అని మాత్రం అడిగి, అతను మాట ఇవ్వగా వెళ్లిపోయారు.

ఫ్రాంక్లిన్ కోసం గోడ దూకినది ఎవరో నేటికీ తేలలేదు. టెంపుల్ కాదని ఆయన ప్రకటించాడు గాని, ఎవరో చెప్పలేదు. 1790లో ఆయన మరణంతో ఆ పేరు కూడా మరుగైపోయింది.