వలయంచున సీసము

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనదిని, తాండూరు ప్రక్కగా పాఱు కాగ్నానదిని మీరెఱుగుదురు. అట్టి నీళ్ళలో విసరు వలను అడుగునకు దించునవి దాని యంచున గట్టిన సీసపు గుండ్లు. వానిని గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

సీసము మనకు క్రొత్త కాదు. వికారాబాదునకు ఉత్తరముననున్న కొండాపూరులో 1940 ప్రాంతమున గులాం యజ్దానీగారి యాధ్వర్యమున నిజాము రాజ్యపు పురావస్తుశాఖవారు త్రవ్వగా శాతవాహనుల సీసపు నాణెములు బయల్పడినవి. ఆనాడు రొండిని దోపుకొనిన లోహమునే ఈనాడు నీట ముంచుచున్నాము!

వలకు దీనినే యేల యెన్నుకొనిరి? ఇది నీటికంటె పదునొకండు రెట్లు బరువు. 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును, కట్టెలపొయ్యి చాలును. మట్టిగుండు రాతికి తగిలిన పగులును; సీసము సొట్టపడును గాని పగులదు. వల జీర్ణించినను గుండ్లు జీర్ణింపవు; కరగించి మరల పోసికొనవచ్చును. అచ్చున తడి మాత్రముండరాదు. ఆ నీరు తటాలున ఆవిరియై, కాగిన సీసమును కన్నులలోనికి చిమ్మును.

నేడు తుక్కుసీసము విశేషముగా మోటారుబండ్ల బ్యాటరీలనుండి వచ్చుచున్నది. నాకు భయము గొలుపునది ఇదియే. ఆ పలకల పొడి కంటికి కానరాక వాకిటి మంటిలో కలసి, ప్రాకు బిడ్డల నోటికి చేరును. ఆఫ్రికాఖండమున సెనెగల్ దేశపు డకారు నగరము చెంత, బ్యాటరీల నుండి సీసము తీసిన యొక పేటలో, 2007 నవంబరు మొదలు 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు మరణించిరి. పాతగుండ్లు కరగించుటయు నిరపాయము కాదు; అయినను బ్యాటరీ పగులగొట్టుటకంటె నయము. అదియు ఊరి వెలుపల, పిల్లలు తిరుగని చోట, వంటకు వాడని యినుప మూకుటిలోనే జరుగవలెను.