ప్రయాణ భత్యం బిల్లులు: గోదావరి డెల్టాలో జాప్యానికి కారణాలు, సత్వర పరిష్కారానికి మార్గాలు

రాజమహేంద్రవరం: విధి నిర్వహణ నిమిత్తం పర్యటించే ప్రభుత్వోద్యోగి ముందుగా సొంత సొమ్ము వెచ్చించి, పిదప దానిని ప్రభుత్వం నుండి తిరిగి పొందవలసి ఉంటుంది. బిల్లు ఆలస్యమైనచో ఆ భారం ప్రధానంగా స్వల్ప వేతనం గల క్షేత్రస్థాయి సిబ్బందిపై పడుతుంది. నదీపాయలతో కూడిన గోదావరి డెల్టాలో రెండు ఊళ్ల మధ్య ఒకటికి మించిన మార్గాలు ఉండుటచే ఈ బిల్లులపై ఆక్షేపణలకు అవకాశం ఎక్కువ.

నియమావళి

ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల ప్రయాణ భత్యానికి 1996 నాటి నియమావళి ఆధారం. ప్రధాన కార్యస్థానం నుండి 8 కిలోమీటర్ల పరిధి దాటిన పర్యటనకే దినభత్యం లభిస్తుంది. పలు మార్గాలున్నచో తక్కువ దూరం లేదా తక్కువ వ్యయం గల మార్గమే సాధారణంగా పరిగణనలోకి వస్తుంది.

బిల్లు పరిష్కార క్రమం

బయలుదేరిన, చేరిన వేళలు, దూరం, వాహనం, పర్యటన ఉద్దేశం నమోదు చేసి ఉద్యోగి బిల్లు సమర్పిస్తారు. నియంత్రణాధికారి ధ్రువీకరించిన అనంతరం డ్రాయింగ్ అధికారి దానిని ఖజానాకు పంపుతారు. 2018 ఏప్రిల్ నుండి సి.ఎఫ్.ఎం.ఎస్. అమలులోకి రావడంతో బిల్లుల సమర్పణ ఆన్‌లైన్ విధానంలోకి మారింది. అయితే సంబంధిత పద్దులో బడ్జెట్ లేనిదే బిల్లు ముందుకు సాగదు. వివరాలు అసంపూర్ణంగా ఉన్నచో ఆన్‌లైన్‌లోనూ తిరుగుటపా తప్పదు.

పంటు దాటా, వంతెన మార్గమా?

రాజోలు ప్రాంతం నుండి నర్సాపురం వెళ్లేవారు సఖినేటిపల్లి వద్ద పంటుపై వశిష్ఠ గోదావరిని దాటవచ్చు. లేదా చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చుట్టి వెళ్లవచ్చు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య గౌతమీ పాయపైనా పంటు ప్రయాణం పరిచితమే. వరదల వేళ పంటు నిలిచినప్పుడు చుట్టుదారి అనివార్యం. ఆ కారణాన్ని బిల్లులోనే నమోదు చేయించి నియంత్రణాధికారి ధ్రువీకరణ పొందినచో, అదనపు దూరం ఎందుకన్న ప్రశ్నకు ముందుగానే సమాధానం లభిస్తుంది.

మారిన జిల్లా కేంద్రాలు

2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో లెక్కలు మారాయి. అంతకుముందు ఏలూరు జిల్లా కేంద్రంగా గల కొవ్వూరు సిబ్బందికి గోదావరి ఆవలి ఒడ్డునున్న రాజమహేంద్రవరమే జిల్లా కేంద్రమైంది. కాకినాడకు వెళ్లివచ్చే అమలాపురం సిబ్బందికి తమ పట్టణమే జిల్లా కేంద్రమైంది. పాత బిల్లుల నమూనాను యథాతథంగా అనుసరించడం వీరికి చెల్లదు.

కేంద్ర ప్రభుత్వ అనుభవం

కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ఎనిమిదవ స్థాయి, అంతకు దిగువ ఉద్యోగులకు నిర్ణీత పరిమితిలో వసతి వ్యయాన్ని రశీదులు లేకుండా స్వీయ ధ్రువీకరణపై చెల్లించుటకు అనుమతించింది. 2018 మార్చిలో పర్యటన బిల్లుల సమర్పణ గడువును ఏడాది నుండి 60 రోజులకు కుదించింది. అనగా ఉద్యోగి మాటపై విశ్వాసం, సకాలంలో సమర్పించే బాధ్యత జంటగా సాగాయి.

పాటించదగిన అంశాలు

* పర్యటన ముగిసిన వెంటనే బిల్లు సమర్పించుట.
* తరచు ప్రయాణించే మార్గాల దూరాల పట్టికను ప్రతి కార్యాలయంలో సిద్ధపరచి, పంటు, వంతెన మార్గాలను వేర్వేరుగా చూపుట.
* లోపాలన్నింటినీ ఒకేసారి లిఖితపూర్వకంగా తెలుపుట; విడతలవారీ ఆక్షేపణలు మానుట.
* పర్యటనకు ఆదేశించే ముందే పద్దులోని నిల్వను సరిచూచుట.

వీటిలో ఏ ఒక్కదానికీ ప్రత్యేక నిధులు అవసరం లేదు.