మస్కట్ తీరంలో మూడు సమాధులు

మస్కట్ దగ్గర నిటారు కొండల నడుమ ఒక చిన్న ఇసుక తీరం ఉంది. చాలాకాలం పాటు అక్కడికి పడవలోనే వెళ్ళవలసి వచ్చేది. ఒమన్‌లో తొలితరం క్రైస్తవ ప్రచారకులను ఖననం చేసిన చోటు అది. కష్టకాలంలో దేవుడు ఆదుకుంటాడన్న విశ్వాసాన్ని ఆ సమాధులు ఒక కఠినమైన ప్రశ్న అడుగుతాయి: ఆదుకోవడమంటే ఏమిటి?

మొదటి సమాధి థామస్ వాల్పీ ఫ్రెంచ్‌ది. ఆగ్రాలో సెయింట్ జాన్స్ కళాశాలను స్థాపించిన ఆయన 1877లో లాహోరుకు తొలి ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. పదేళ్ళకు ఆ పదవిని వదులుకున్నాడు. 1891 ఫిబ్రవరిలో, 66 ఏళ్ళ వయసులో, మస్కట్‌లో దిగాడు. వెనుక ఏ సంస్థ అండా లేదు. మూడు నెలలకే, మే 14న, అక్కడి ఎండకూ జ్వరానికీ బలయ్యాడు.

ఆ తరువాత వచ్చినవారు అమెరికన్ అరేబియన్ మిషన్‌కు చెందినవారు. 1889లో మొదలైన ఈ మిషన్‌ను 1894లో రిఫార్మ్‌డ్ చర్చి తన ఆధీనంలోకి తీసుకుంది. తెలుగువారికి ఈ చర్చి కొత్తది కాదు. మదనపల్లెలో వైద్యుడు జేకబ్ చేంబర్లిన్ పనిచేసిన ఆర్కాటు మిషన్ కూడా దీనిదే. 1893లో మస్కట్ చేరిన పీటర్ జ్వెమర్, బానిసత్వం నుంచి విడిపించిన 18 మంది బాలురకు బడి నడిపాడు. ఆరోగ్యం పాడై స్వదేశం వెళ్ళి 1898లో కన్నుమూశాడు. ఆయన స్థానంలోకి వచ్చిన జార్జ్ స్టోన్ 1899 జూన్‌లో బిర్కాలో మరణించాడు. అరేబియాకు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయనను ఫ్రెంచ్ సమాధి పక్కనే ఉంచారు.

మూడవ సమాధి వైద్యుడు షారన్ థామ్స్‌ది. ఆయన భార్య మేరియన్ కూడా వైద్యురాలే. 1905లో బహ్రెయిన్‌లో ఆమెను టైఫాయిడ్ పొట్టన పెట్టుకుంది. అయినా ఆయన ఆ ప్రాంతాన్ని వదిలి వెళ్ళలేదు. 1909లో ఒమన్‌కు వచ్చి వైద్యం సాగించాడు. 1913 జనవరిలో మస్కట్‌కూ మత్రాకూ మధ్య టెలిఫోన్ తీగ లాగుతూ స్తంభం మీదినుంచి పడి చనిపోయాడు.

దేవుని సహాయమంటే ఆపద తప్పిపోవడమే అనుకుంటే, ఈ ముగ్గురికీ అది అందలేదనే చెప్పాలి. వారి ప్రచారానికి ఫలితమూ స్వల్పమే. మతం మారినవారు బహు కొద్దిమంది. కానీ బైబిలులోని విశ్వాసం ఆపద తప్పుతుందన్న హామీ ఒక్కదానిపైనే నిలబడలేదు. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది ప్రార్థనే, ఎందుకంటే మాట్లాడటం ఆపలేదు. ఒమన్‌లోని ఆ మనుషులకు కూడా విశ్వాసమంటే, జవాబు రాకపోయినా మరునాడు రోగుల వరుస ముందు కూర్చోవడమే.

ఆ పని ఆగలేదు. వైద్యురాలు సారా హోస్మన్ కొయ్యకాలితోనే మస్కట్ స్త్రీలకు దశాబ్దాలపాటు వైద్యం చేసింది. 1930లలో పాల్ హారిసన్ మత్రాలో ఆసుపత్రిని నిలబెట్టాడు. 1939లో దాని బాధ్యతను చేపట్టిన వైద్యుడి పేరు వెల్స్ థామ్స్. షారన్, మేరియన్‌ల కుమారుడతడు. తల్లి పోయేనాటికి రెండేళ్ళవాడు. తండ్రి పడి చనిపోయిన ఊళ్ళకే వైద్యుడిగా తిరిగివచ్చి 1970 వరకు సేవ చేశాడు. సుల్తాన్ ఖాబూస్ ఆ ఏడాది గద్దెనెక్కే నాటికి ఒమన్‌లో ఆసుపత్రి అంటే ప్రజలకు ముందు గుర్తుకొచ్చేది ఆ మిషన్ ఆసుపత్రే. తరువాత కొద్ది సంవత్సరాలలోనే అది ప్రభుత్వ వైద్యసేవలో కలిసింది.

మతం మారని సమాజం ఆ వైద్యులను కాదనలేదు. నేడు మస్కట్ పరిసరాలలోని రువీలో, పాలకులు కేటాయించిన స్థలంలోని చర్చిలలో, వలసవచ్చిన భారతీయులు తమ తమ భాషలలో ఆరాధన చేసుకుంటున్నారు. ఊళ్ళో అప్పునూ, ఇంట్లో పసిపిల్లలనూ వదిలి వచ్చిన తెలుగు కార్మికులూ, ఇళ్ళలో పనిచేసే స్త్రీలూ తమ కష్టం తీరాలని ప్రార్థిస్తారు. అలా కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అక్కడికి దగ్గరలోనే ఉన్న ఆ సమాధులు మరొక సంగతి చెబుతాయి. కొన్నిసార్లు సహాయం మోయవలసిన బరువును తగ్గించదు. మోసేవాడు పడిపోయిన చోటికి మరొకరిని పంపుతుంది.